గండికోట బండల మీద ఒక సముద్రపు ఒడ్డు ఉంది: పనులు మొదలుపెట్టే ముందు దాని పటం గీయించండి

కడప జిల్లా కలెక్టర్ గారికి, రాష్ట్ర పర్యాటక శాఖ, భారత పురావస్తు సర్వేక్షణ అధికారులకు, గండికోట పనులు చూసే ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు, గండికోట ఊరి పెద్దలకు, గైడ్లకు

అయ్యా, అమ్మా,

గండికోటకు వచ్చినవాళ్లంతా పెన్న లోయ అంచుకు పోయి కిందికి తొంగి చూస్తారు. కాళ్ల కింది బండను చూసేవాళ్లు తక్కువ. ఆ బండల్లో కొన్నిటి మీద దున్నిన చాళ్ల మాదిరి వరసలు ఉంటాయి. ఒక గట్టుకూ పక్క గట్టుకూ మధ్య మూడు నాలుగు వేళ్ల ఎడం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. ఎత్తు వేలి మందం కూడా ఉండదు. ఇవి ఎవరూ ఉలితో చెక్కినవి కావు. లోతు లేని నీళ్లలో అలలు ముందుకీ వెనక్కీ ఊగుతూ అడుగు ఇసుక మీద వేసిన గుర్తులు, అంటే అలజాడలు. ఆటు వేళ మైపాడుకో సూర్యలంకకో పోయి తడి ఇసుక చూడండి, ఇలాంటి వరసలే కనిపిస్తాయి. అక్కడివి తర్వాతి పోటుకు చెరిగిపోతాయి. గండికోటవి వంద కోట్ల ఏళ్లు దాటినా చెరగలేదు.

ఇక్కడి నుంచి నెల్లూరు తీరం దాదాపు 200 కిలోమీటర్లు. అయినా సముద్రపు ఒడ్డు ఒకటి జమ్మలమడుగు పక్కనే రాయిగా మారి పడి ఉంది. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ పనులు జరగాలనే మేమూ కోరుకుంటున్నాం. మరుగుదొడ్లు, తాగునీళ్లు, అంచున రక్షణ, ముసలివాళ్లు నడవగలిగే దారి, అన్నీ కావలసినవే. మేము అడిగేది ఒక్కటే. ఏ బండ మీద ఆ పాత ఒడ్డు ఉందో ముందు గుర్తించి, పటం గీసి, ఆ పటాన్ని టెండరు కాగితాలతో పాటే కాంట్రాక్టరు చేతిలో పెట్టండి. ఆ తర్వాతే తవ్వండి.

ఈ రాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకు కాపాడమంటున్నామో అర్థమైతేనే ఎలా కాపాడాలో తెలుస్తుంది.

కడప నుంచి అనంతపురం, కర్నూలు, ప్రకాశం మీదుగా పల్నాడు దాకా నెలవంకలా వంగి ఉన్న శిలా ప్రాంతాన్ని కడప బేసిన్ అంటారు. వైశాల్యం దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు. 1872లోనే విలియం కింగ్ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున దీని మీద వివరమైన నివేదిక ప్రచురించాడు. ఈ పొరలకు శాస్త్రవేత్తలు వాడుతున్న పేర్లు చదివితే మన బస్సుల బోర్డులు చదివినట్టే ఉంటుంది. అన్నిటికన్నా అడుగున గువ్వలచెరువు క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడ్డ ఇసుకరాయి), ఆంగ్లేయుల నోట అది ‘గుల్చెరు’ అయింది. పాలకోవాకు పేరు పడ్డ ఆ గువ్వలచెరువే. దాని మీద వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటిది), ఆపైన పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి షేల్ (మెత్తటి పలకరాయి), వాటి మీద గండికోట క్వార్ట్‌జైట్. మధ్యలో చాలా కాలం తెగిపోయి, మళ్లీ సముద్రం వచ్చినప్పుడు పేరుకున్నది కర్నూలు వరస: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ప్రపంచంలో ఎక్కడ కడప బేసిన్ మీద పరిశోధన పత్రం రాసినా ఈ ఊళ్ల పేర్లు రాయక తప్పదు. మన బడి పిల్లలకు మాత్రం ఈ మాట చెప్పేవాళ్లు లేరు.

వయసు గురించి ఒక జాగ్రత్త. పులివెందుల దగ్గర ఈ పొరల మధ్యకు కరిగిన శిలాద్రవం చొచ్చుకొచ్చి పలకలా గట్టిపడింది. అందులోని ఖనిజాన్ని పరీక్షిస్తే ఆ పలకకు 188 కోట్ల ఏళ్లని తేలింది. అంటే అది చొచ్చుకొచ్చిన పొరలు అంతకన్నా పాతవి. గండికోట క్వార్ట్‌జైట్ వాటికి పైన ఉంది. దాని వయసు మీద ప్రచురితమైన లెక్కల్లో పెద్ద తేడాలున్నాయి. అందుకని బోర్డు మీద ఏదో ఒక అంకె వేసి అదే ఖాయమన్నట్టు రాయించకండి. ‘వంద కోట్ల ఏళ్లకు పైబడినది’ అని రాయండి, ఏ లెక్క ప్రకారం చూసినా అది తప్పు కాదు.

ఇప్పుడు ఒక్క బండ దగ్గర కూర్చుందాం. గట్టుకు రెండు పక్కలా వాలు ఒకేలా ఉండి, శిఖరం పదునుగా, పల్లం గుండ్రంగా ఉంటే అది ఒడ్డు దగ్గర ఊగే అల పని. ఒక పక్క వాలు మెల్లగా, రెండో పక్క నిటారుగా ఉంటే నీళ్లు ఒకే దిక్కుకు పారాయని అర్థం. నిటారు పక్క ఎటు తిరిగి ఉంటే ప్రవాహం అటు పోయింది. కొన్ని బండల మీద పెద్ద వరసల మధ్య పల్లాల్లో, వాటికి అడ్డంగా, నిచ్చెన మెట్లలా చిన్న వరసలు ఉంటాయి. ఆటు దిగేటప్పుడు పల్లాల్లో మిగిలిన పలచటి నీళ్లు వేరే దిక్కుకు పారుతూ గీసినవి అవి. గట్ల శిఖరాలు కోసేసినట్టు చదునుగా ఉంటే నీళ్లు బాగా తగ్గిపోయి, గట్ల తలలు దాదాపు బయటపడ్డాయన్న మాట.

పక్కనే ఎండిన చెరువు అడుగులో కనిపించే నెర్రెల మాదిరి బహుకోణపు గీతలు కనిపించవచ్చు. ఆటు పోయాక బురద ఎండి నెర్రెలిచ్చింది, తర్వాతి పోటు ఇసుకను తెచ్చి ఆ నెర్రెలను నింపింది. ఇసుక గట్టిపడి నిలిచింది, బురద కరిగిపోయింది. అందుకే ఇప్పుడు నెర్రెలు గుంటలుగా కాక ఉబ్బిన గీతలుగా కనిపిస్తాయి. నీళ్లున్న చోటే నీళ్లు పోయి ఎండిందని చెప్పే గుర్తు ఇది, అంటే తీరం సరిగ్గా ఈ బండ మీదే అటూ ఇటూ జరిగింది. లోయ గోడలో నిలువుగా చూస్తే సమతలపు పొరల లోపల ఏటవాలు గీతలు ఉంటాయి. ఒక పొరలో వాలు ఒక దిక్కుకు, దాని పై పొరలో ఎదురు దిక్కుకు ఉంటే, ఒకటి పోటు వేసింది, ఇంకొకటి ఆటు వేసింది.

గవ్వలు, చిప్పలు, చేప ఎముకలు వెతకొద్దు, దొరకవు. అప్పటికి గవ్వ తయారుచేసుకునే జీవి లేదు. నేల మీద గడ్డిపోచ కూడా లేదు. మట్టిని పట్టి ఉంచే వేళ్లు లేనందువల్ల గాలి, వాన సన్నటి మట్టిని ఎప్పటికప్పుడు కొట్టుకుపోయాయి. గట్టిదైన స్ఫటికపు (క్వార్ట్జ్) ఇసుకే ఒడ్డున పేరుకుంది. ఇక్కడి రాయి అంత శుభ్రమైన ఇసుకతో కట్టుకోవడానికి అదొక కారణం. ఆ రేణువుల సందుల్లోకి సిలికా దిగి అతుక్కుని, ఇసుకరాయి క్వార్ట్‌జైట్ అయింది. విరిచి భూతద్దంతో చూస్తే విరుపు రేణువు చుట్టూ తిరక్క రేణువునే చీల్చుకుంటూ పోతుంది. కత్తితో గీస్తే రాయి మీద కత్తి ఇనుమే గీతగా అంటుతుంది. ఎరుపు రంగు రాయిది కాదు, రేణువుల చుట్టూ పలచగా పట్టిన ఇనుప ఆక్సైడుది.

ఇంత గట్టి రాయికి ఏమవుతుందిలే అన్న ధీమాయే ప్రమాదం. రాయి గట్టిదే, కానీ దాని మీది గుర్తు ఎత్తు మిల్లీమీటర్లలో ఉంది. చెప్పులకు అంటిన ఇసుక కూడా అదే స్ఫటికం, అంతే గట్టిది. వేల మంది నడిచే దారిలో అలజాడల బండ ఉంటే అది ఉప్పుకాగితం రుద్దినట్టే. ముందు శిఖరాల పదును పోతుంది, ఆ తర్వాత అల గుర్తుకూ ప్రవాహపు గుర్తుకూ తేడా చెప్పలేం. అందుకని మొదటి పని, నడకదారిని అలజాడల మీదుగా కాకుండా పక్కనుంచి తిప్పడం. మెట్లు, రాంపులు అవసరమైన చోట అలజాడలు లేని బండను ఎంచుకోవడం. వేరే దారే లేకపోతే, బండకు మేకు కొట్టకుండా, కింద రబ్బరు పాదాలున్న ఎత్తైన నడకవంతెన పరచడం. కావాలంటే రేపు ఎత్తి తీసేయగలిగేలా ఉండాలి.

సిమెంటు నేరుగా ఈ బండల మీద పోయొద్దు. సిమెంటులోని లవణాలు వాన నీళ్లతో రాయి సందుల్లోకి దిగి, ఎండినప్పుడు తెల్లటి పొక్కుల్లా పైకి వచ్చి పై పొరను లేపుతాయి. ఒకసారి పట్టిన కాంక్రీటును తర్వాత ఒలిస్తే అలజాడలు దానితోనే ఊడివస్తాయి. దారులకు పరిచే రాయి కోసం ఇక్కడి బండలను ఎత్తొద్దు. నార్జి, బేతంచెర్ల నాపరాళ్లు దగ్గరలోనే దొరుకుతాయి, అవి క్వారీ రాళ్లు, పరవడానికి పనికొచ్చేవి. ఈ మాట కాంట్రాక్టు షరతుల్లో అక్షరాలా రాయండి: కోట చుట్టుపక్కల పడి ఉన్న పలకలు ‘వదులు రాళ్లు’ కావు, వాటిని ఎత్తడం, పగలగొట్టడం, కంకర కోసం వాడడం నిషేధం. గుర్తులున్న పలకలకు తోటల గోడల కోసం గిరాకీ ఉంటుంది. పైగా పొర వెంట చక్కగా లేచే రాయి కాబట్టి గడ్డపార వేస్తే సులువుగా వస్తుంది. ఆ సులువే దానికి శత్రువు.

ఇక లోయ అంచు. ఇక్కడ భద్రతా, భూగర్భశాస్త్రమూ ఒకే మాట చెబుతాయి.

గండికోట క్వార్ట్‌జైట్ పొరలు దాదాపు సమతలంగా పరుచుకుని ఉన్నాయి. వాటిని నిలువు చీలికలు దాదాపు లంబంగా కోసుకున్నాయి. అందుకే లోయ గోడ మేస్త్రీ పేర్చిన రాతి కట్టడంలా కనిపిస్తుంది. కోట కట్టినవాళ్లు ఈ రాయినే తీసి గోడలు లేపారు. కొండ ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో కొన్నిచోట్ల వెతుక్కోవాలి. అయితే ఈ క్వార్ట్‌జైట్ మధ్య మధ్యలో షేల్ అనే మెత్తటి పలకరాయి పొరలు ఉన్నాయి. పెన్న నీళ్లు, వాన, ఎండ కలిసి షేల్‌ను పొడిగా రాలుస్తాయి. నీటిమట్టం పెరిగి తగ్గే చోట ఇది ఇంకా వేగం, తడిసి ఎండిన షేల్ త్వరగా చిట్లుతుంది. షేల్ వెనక్కి తగ్గినకొద్దీ పైనున్న క్వార్ట్‌జైట్ దిమ్మె కింద ఆధారం పోతుంది. ఒకనాడు అది నిలువు చీలిక వెంట విడిపోయి లోయలో పడుతుంది. పెన్న ఇంత లోయ తొలిచింది నీళ్లతో ఒక్కటే కాదు. వరదకు దొర్లిన గులకరాళ్లు అడుగును కోశాయి, అడుగు కోసుకుపోయినకొద్దీ పక్కల దిమ్మెలు ఇలా కూలుతూ వచ్చాయి. గండి అంటే కొండ తెగిన చోటు. ఆ తెగడం ఇంకా ఆగలేదు.

కాబట్టి రెయిలింగ్ ఎక్కడ వేయాలన్నది అంచు నుంచి ఇన్ని అడుగులని కొలిచి తేల్చే విషయం కాదు. అంచు నుంచి వెనక్కి వస్తూ మొదటి తెరుచుకున్న నిలువు చీలిక ఎక్కడుందో చూడండి. ఆ చీలికకు ముందున్న దిమ్మె ఇప్పటికే కొండ నుంచి విడిపోయినట్టు లెక్క. రెయిలింగ్ ఆ చీలికకు వెనకాల ఉండాలి. అంచు మీదే స్తంభాలు పాతితే రెండు నష్టాలు: జనాన్ని విడిపోయిన దిమ్మె మీదికి మనమే పిలిచినట్టు అవుతుంది, పైగా డ్రిల్లింగ్ అదురుకు చీలిక ఇంకాస్త తెరుచుకుంటుంది. మామూలు ఇనుప బోల్టు రాతిలో తుప్పు పడితే ఉబ్బుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికి రంధ్రం చుట్టూ రాయి చిట్లుతుంది. బోల్టు తప్పదనుకున్న చోట స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి, చీలికకు దూరంగా దిమ్మె మధ్యలో వేయండి, సుత్తి డ్రిల్ బదులు వజ్రపు మొనతో తిరిగే డ్రిల్ వాడండి. కొండ ఎక్కే క్రీడలకు వేసే బోల్టులకూ ఇదే నియమం, వాటికి అలజాడలూ ఏటవాలు పొరలూ లేని గోడను వేరుగా చూపించాలి.

చీలికలను కొలవడం ఖర్చుతో కూడిన పని కాదు. చీలికకు అటూ ఇటూ ఒక్కో చిన్న స్టీలు పిన్ను, వాటి మధ్య దూరం వెర్నియర్ కాలిపర్‌తో నెలకోసారి. ఎండకు రాయి వ్యాకోచిస్తుంది కాబట్టి ఎప్పుడు కొలిచినా ఉదయం ఒకే వేళకు కొలవాలి. నైరుతి వానలకు ముందు, తర్వాత, అక్టోబరు, నవంబరు వానలు అయ్యాక తప్పకుండా కొలవాలి. రిజిస్టరులో తేదీ, వేళ, మిల్లీమీటర్లలో ఒక దశాంశం వరకు కొలత రాయాలి. రెండు వానాకాలాలు వరసగా ఎడం పెరిగి, వేసవిలో తిరిగి తగ్గని దిమ్మెను మూసేయాలి. పార్కింగ్, టెంట్ల నుంచి వచ్చే వాన నీళ్లను, మురుగును లోయ వైపు వదలొద్దు. చీలికలో నీళ్లు చేరితే అడుగున షేల్ మెత్తబడుతుంది. ఈ ఒక్క కాలువ దిశ తప్పితే పైన ఎంత మంచి రెయిలింగ్ వేసినా ఉపయోగం లేదు.

చలిమంటల సంగతి వేరుగా చెప్పాలి. శీతాకాలంలో టెంట్లు వేసుకునేవాళ్లు బండ మీదే కట్టెలు పేర్చి మంట వేస్తారు. స్ఫటికం 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి అమరిక మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. కట్టెల మంట నిప్పుల దగ్గర ఆ వేడికి చేరగలదు. అంతకు ముందే రాతి సందుల్లోని తడి ఆవిరై పై పొరను పెంకులుగా లేపుతుంది. పెంకు మందం ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటే చాలు, అలజాడ మొత్తం దానితో పోతుంది. మంటకు మట్టి నేల మీద స్థలం చూపించండి, లేదా కాళ్లున్న ఇనుప పళ్లెంలోనే వేయాలని నిబంధన పెట్టండి. పొద్దున్నే బూడిద ఊడ్చి, నీళ్లు చల్లి శుభ్రం చేశామనుకోవడం కూడా తప్పే. వేడి బండ మీద చల్లటి నీళ్లు పడితే ఆ పెంకే ఇంకా తొందరగా లేస్తుంది.

పేర్లు రాసిన రంగును తుడిచేటప్పుడు తొందరపడొద్దు. ఇసుక చిమ్మే యంత్రం రంగుతో పాటు రాయి ఎర్రటి తోలునూ తీసేసి తెల్లటి మచ్చ మిగులుస్తుంది. ఆసిడ్ పోస్తే స్ఫటికం కరగదు కానీ ఇనుప ఆక్సైడు పోతుంది, ఫలితం అదే. ఇనుప బ్రష్‌తో రుద్దితే తీగ ముక్కలు రాయికి అంటుకుని రెండు వానలకు తుప్పు గీతలు కడతాయి. మొదట నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్. పోకపోతే రంగును కరిగించే ద్రవాన్ని మెత్తటి మట్టి ముద్దలో కలిపి రంగు మీద పట్టించి, ప్లాస్టిక్ కప్పి, ఎండకముందే ఎత్తేయాలి. ముందుగా ఎక్కడో పడిపోయిన, గుర్తులు లేని ఒక దిమ్మె మీద అరచేతి వెడల్పున పరీక్షించి, ఎండాక చూసి, ఆ తర్వాతే అసలు బండను ముట్టాలి.

పటం ఎలా గీయాలి? పొద్దున ఎండ ఎక్కక ముందు, సాయంత్రం ఎండ వాలాక మాత్రమే ఈ పని జరుగుతుంది. ఏటవాలు వెలుతురులో ఒక్కో గట్టు నీడ పక్క పల్లంలో పడి వరసలు స్పష్టంగా లేస్తాయి. అదే బండ మిట్టమధ్యాహ్నం నున్నగా, ఖాళీగా కనిపిస్తుంది. మధ్యాహ్నం సర్వే చేసి ‘ఇక్కడేమీ లేదు’ అని రాసిన కాగితం నమ్మదగింది కాదు. బండ కనబడగానే దాని పక్కన స్కేలు, ఉత్తరం చూపే బాణం పెట్టి ఫోటో తీయాలి. ఫోన్‌లో స్థానం నమోదు చేయాలి. పొడవు, వెడల్పు, గట్టుకూ గట్టుకూ ఎడం కనీసం పది గట్ల మీద కొలిచి సగటు రాయాలి. గట్లు ఏ దిక్కుకు సాగాయో దిక్సూచితో చూడాలి. ఎందుకంటే, అల గట్లు మామూలుగా ఒడ్డుకు సమాంతరంగా పడతాయి. పది బండల దిక్కులు పటం మీద గీస్తే ఆ పాత ఒడ్డు ఎటు సాగిందో బయటపడుతుంది. నంబరు బండ మీద రంగుతో వేయొద్దు, ఫోటో మీదా రిజిస్టరులోనూ వేస్తే చాలు. ముఖ్యమైన వాటికి ఒక ఫోటోకూ మరో ఫోటోకూ నాలుగింట మూడు వంతులు కలిసేలా చుట్టూ తిరిగి తీస్తే కంప్యూటరులో త్రిమితీయ నమూనా తయారవుతుంది. పదేళ్ల తర్వాత ఎంత అరిగిందో పోల్చి చూడడానికి అదే ఆధారం.

చట్టం విషయంలో ఒక వింత ఉంది. ఇవాళ్టి సముద్రపు ఒడ్డుకు 1991 నుంచీ తీర నియంత్రణ నోటిఫికేషన్లు ఉన్నాయి, 2019 నాటి నోటిఫికేషన్ కూడా పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలను నియంత్రిస్తుంది. పోటు గీత రాయిగా మారిన చోటుకు అలాంటిదేమీ లేదు. కోట కట్టడాలకు పురావస్తు చట్టం రక్షణ ఉంది, 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రితం. ఆ కొలత రక్షిత కట్టడం హద్దు నుంచి మొదలవుతుంది కాబట్టి బండకు రక్షణ దొరికితే పొరుగు పుణ్యం కొద్దీ దొరికినట్టే. భూవారసత్వ స్థలాల (భూమి చరిత్రను చెప్పే రాళ్లు, నేలలు ఉన్న చోట్ల) కోసం కేంద్రం 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లును అభిప్రాయాల కోసం విడుదల చేసింది. ముసాయిదా కాగితం బండను కాపాడదు. అప్పటిదాకా జిల్లా యంత్రాంగం ఇచ్చే ఉత్తర్వు, టెండరులో రాసే షరతు, ఇవే మన చేతిలో ఉన్నవి.

తీరంలో ఏం జరిగిందో చూడండి. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఎర్రమట్టి దిబ్బలను 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అది కూడా సముద్రం పెరిగి తగ్గిన చరిత్రను దాచుకున్న తీరమే, వయసులో మాత్రం మన బండల ముందు నిన్నటిది. గుర్తింపు ఉండి కూడా 2024లో ఆ పరిసరాల్లో యంత్రాలతో నేల చదును చేసిన గొడవ రాష్ట్రమంతా చూసింది. 2025లో ఆ దిబ్బలూ, తిరుమల కొండలూ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఒకప్పటి ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపం జాతీయ భూగర్భ స్మారకాల్లో ఇప్పటికే ఉంది. గండికోట లోయను, అలజాడల బండలను కూడా ఆ వరసలో చేర్చమని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు జిల్లా తరఫున ప్రతిపాదన పంపండి. పటం, ఫోటోలు, కొలతలు జతపరిస్తే ఆ ప్రతిపాదనకు బలం. ఎర్రమట్టి దిబ్బల నుంచి నేర్చుకోవలసింది ఏమంటే, ప్రకటనతో పాటే హద్దురాళ్లు పాతి, సర్వే నంబర్లు రెవెన్యూ రికార్డులో ఎక్కించాలి.

గైడ్లకూ, బోర్డులు రాయించేవాళ్లకూ ఒక మాట. ‘భారతదేశపు గ్రాండ్ కేన్యన్’ అన్న పేరుతో పర్యాటకులు వస్తున్నారు, మంచిదే. కానీ ఆ పోలిక గండికోటను చిన్నబుచ్చుతుంది. లోతులో అమెరికా లోయ కిలోమీటరున్నర దాటుతుంది, ఇది దాని ముందు నిలవదు. రాయి విషయానికి వస్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ జనం నిలబడి చూసే పై అంచు సున్నపురాయికి దాదాపు 27 కోట్ల ఏళ్లు. మన అంచు రాయి దానికి మూడు రెట్లకు పైగా పాతది. ఇది చెప్పండి. ఆ తర్వాత పర్యాటకుణ్ణి బండ పక్కన కూర్చోబెట్టి, గట్టుకు రెండు వాలులూ సమానమా కాదా వేలితో చూపించమనండి, బండను తొక్కకుండా. పిల్లలు అర నిమిషంలో పట్టేస్తారు. బోర్డును బండ మీద పాతకుండా పక్క మట్టిలో పాతి, వాలు వెలుతురుకు అడ్డం రాకుండా ఉత్తరం వైపు పెట్టండి. బోర్డులో తెలుగు ముందుండాలి, అక్షరాలు పెద్దగా ఉండాలి.

బడులకు ఒక రోజు యాత్ర కూడా ఇక్కడి నుంచే కుదురుతుంది. పొద్దున గండికోటలో ఇసుక ఒడ్డు. దగ్గరలోని నార్జిలో, తర్వాత వచ్చిన సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి, మన ఇళ్ల నాపరాళ్లు అవే. మధ్యాహ్నానికి బెలుం గుహలు, అదే నార్జి సున్నపురాయిని భూగర్భ జలం 3 కిలోమీటర్లకు పైగా తొలిచిన చోటు, ఎండ వేళకు చల్లగా కాకపోయినా నీడగా ఉంటుంది. ఇంకో రోజు వీలైతే వేంపల్లె వైపు, డోలమైట్‌లో ఉల్లిపాయ పొరల్లా కనిపించే స్ట్రోమటోలైట్ల దగ్గరికి. ఎండ తగిలే లోతులేని నీళ్లలో నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు జిగురు చాపలా పరుచుకుని, మీద పడిన సున్నపు మట్టిని పొర మీద పొరగా పట్టి కట్టినవి అవి. మనం పీల్చే ఆక్సిజన్‌ను గాలిలోకి మొదట వదిలింది ఆ జాతివే. వాటిని సుత్తితో కొట్టి ముక్క తెచ్చుకోవద్దని ఉపాధ్యాయులు బయలుదేరే ముందే పిల్లలకు చెప్పాలి.

పటం గీసే పనికి జిల్లా నుంచి మాకు కావలసినవి మూడే: కోట లోపలా అంచు వెంటా తిరిగి కొలిచేందుకు పురావస్తు అధికారుల రాతపూర్వక అనుమతి, సర్వే నంబర్లు తెలిసిన ఒక రెవెన్యూ ఉద్యోగి, టెండరు పిలవడానికి ముందు ఒక నెల గడువు. దిక్సూచులు, కాలిపర్లు, కెమెరాలు మా దగ్గర ఉన్నాయి. కూలి అడగం. వానలు తగ్గి ఎండ వాలుగా పడే డిసెంబరు, జనవరి నెలలు దీనికి అనువైనవి. ఇంజనీర్లు కూడా ఒక ఉదయం మాతో రావాలి. సూర్యోదయానికి అంచు దగ్గర ఉంటే, ఎండ నడినెత్తికి ఎక్కేలోపు మొదటి పది బండలు చూపిస్తాం.

ఇట్లు
కడప, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల భూగర్భశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు